సుంకపు మెట్టుకు ఇవతల

సుంకరి అనగానే మన కళ్ళముందు మెదిలేది యెరికో పట్టణమూ, అక్కడి మేడిచెట్టూను. జక్కయ్య కథ వినని పిల్లవాడు మన ఆదివారపు బడులలో ఉండడు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని గురించి కూడ మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. పన్ను వసూలు చేసేవాణ్ణి ఎరుగుదుము. పన్ను కట్టేవాళ్ళం మనమే గనుక ఆ బాధా ఎరుగుదుము. అయితే ఈ ఇద్దరికీ మధ్య, మెట్టుకు ఇవతల, కాగితాల కట్ట చంకన పెట్టుకొని నిలబడే మూడో మనిషి ఒకడున్నాడు. ఆయన పన్నుల ప్లీడరు. ఆయనను గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోము.

నేను కూడ మాట్లాడి ఉండేవాణ్ణి కాదు. మా సంఘములో ఒక సహోదరి తన కుమారుణ్ణి ఎంతో కష్టపడి లా చదివించింది. గుంటూరు అరండల్‌పేటలో నలభై ఏళ్ళుగా పన్నుల కేసులు చూస్తున్న ఒక ప్లీడరుగారు ఆ అబ్బాయిని జూనియరుగా పెట్టుకుంటానన్నారు. ఆమె కంగారుపడి నా దగ్గరకు వచ్చింది. “అయ్యగారూ, అది దొంగలెక్కల పనంటండి. షావుకార్లు పన్ను ఎగ్గొట్టడానికి ఆ ప్లీడర్లను పెట్టుకుంటారంట. మీరు చెబితే వాడు వింటాడు. సివిలో క్రిమినలో చేసుకోమనండి” అన్నది. క్రిమినల్ కంటె పన్నుల పని పాపమని ఒక తల్లికి తోచినదంటే, ఈ వృత్తికి మన మధ్య ఉన్న పేరు ఎటువంటిదో మీరే ఆలోచించండి.

తెలియని సంగతి మీద సలహా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ ప్లీడరుగారు మా సంఘములోని ఒక కుటుంబానికి బంధువులే. కోతపండుగకు ఏటా వస్తారు. కనుక ఆయన ఇంటికే వెళ్ళాను. ఒక్కసారి కాదు, నాలుగైదు సాయంకాలాలు వెళ్ళాను. తన పేరు రాయవద్దన్నారు గనుక ఇక్కడ ప్లీడరుగారు అనే రాస్తాను.

మొదటి సాయంత్రం ఆయన నవ్వుతూ, “పన్ను పీకించుకోవడమూ పన్ను కట్టడమూ తెలుగులో ఒక్కటే మాట అయిందంటే ఊరికే కాదండీ, రెండూ నొప్పే” అన్నారు. తరువాత అసలు సంగతి మొదలుపెట్టారు.

పల్లెల్లో పన్ను ప్లీడరంటే ఇన్‌కమ్‌టాక్సు చూసేవాడనుకుంటారు. అది కేంద్రానికి చెందినది. ఈయన పని రాష్ట్రం వేసే పన్నులతోనూ, పంచాయతీలూ మునిసిపాలిటీలూ వేసే పన్నులతోనూ. సరుకుల అమ్మకం మీద పన్ను, భూములూ భవనాల మీద పన్ను, వృత్తిపన్ను, ఇవన్నీ రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో పెట్టినవి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులో ఉన్న రోజుల్లోనే, 1939లో, అక్కడ సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1950లో వచ్చింది. రెండు ప్రాంతాలూ కలిసిన తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్‌కంతటికీ ఒకే చట్టం చేశారు. ప్లీడరుగారు 1982లో నల్లకోటు వేసుకున్ననాటికి అదే నడుస్తున్నది.

ఆయన ఈ దారిలోకి కోరి రాలేదు. సీనియరుగారి ఆఫీసులో అమ్మకపు పన్ను కేసులు ఉన్నవి గనుక వచ్చారు. మొదటి రెండేళ్ళు చిట్టా, ఆవర్జా చదవడమే పని. షావుకారు గుమాస్తా రాసిన గొలుసుకట్టు రాత, మిరపకాయల బస్తాల లెక్క, కమీషను, కాటా కూలి, లారీ కిరాయి. తోటి ప్లీడర్లు కోర్టులో సాక్షులను గద్దించి పేరు తెచ్చుకుంటుంటే ఈయన అధికారి బల్ల ముందు కూర్చొని కూడికలు సరిచూసేవారు. అక్కడ బోను లేదు, గంట లేదు, చూసేవాళ్ళు లేరు. “మా నాన్నగారు బ్రతికినన్నాళ్ళూ నేను గుమాస్తాననే అనుకున్నారండి” అన్నారు.

రాజ్యాంగంలో 265వ అధికరణం ఒకటున్నది. చట్టపు ఆధారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని దాని తాత్పర్యం. చిన్న వాక్యమే. ప్లీడరుగారి నలభై ఏళ్ళ బ్రతుకు దాని మీదే నడిచింది. రాజుకు కావలసినంత లాక్కోవచ్చునన్న కాలం పోయి, ఎంత అడుగుతావో ముందే రాసి చూపించు అనే కాలం వచ్చినదన్నమాట. రాసి ఉన్నది గనుక దానిని చదివి వాదించడానికి ఒకడు కావాలి.

ఆ వాదనలు వింటే మీరు ఆశ్చర్యపోతారు. కూరగాయలకు పన్ను లేదని ఒక చట్టంలో ఉన్నది. తమలపాకులు కూరగాయలా, కావా? ఈ ప్రశ్న అకోలా పట్టణం నుండి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తోటలో పండే ఆకులే కదా అన్నాడు వ్యాపారి. బజారులో మామూలు మనుషులు ఆ మాటను ఏ అర్థంలో వాడతారో అదే అర్థం అని 1961లో కోర్టు తేల్చింది. తమలపాకును కూర వండుకునేవాడు లేడు గనుక పన్ను పడింది. పచ్చి అల్లం మాత్రం కూరగాయేనని బెంగాలు కేసులో 1977లో చెప్పారు. వడ్లు వేరు, బియ్యం వేరు అని 1973లో హర్యానా కేసులో అన్నారు. మన కర్నూలు నుండి కూడ ఒక పెద్ద కేసు వెళ్ళింది. తుంగభద్ర ఇండస్ట్రీస్ వారు వేరుశెనగ నూనెను గడ్డకట్టించి వనస్పతి చేసేవారు. అలా గడ్డకట్టినది ఇంకా వేరుశెనగ నూనేనా, లేక వేరే సరుకా? నూనెకు ఉన్న తగ్గింపు దానికి వర్తిస్తుందా? రూపం మారినా అది వేరుశెనగ నూనే అని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవి చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. నాకు మాత్రం వేదాంత పాఠశాలలో గ్రీకు మాటల అర్థాలకోసం మేము పడిన తంటాలు గుర్తుకు వచ్చినవి. ఒక మాట అర్థం ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి అంత శ్రమ పడేవాళ్ళు మనమే అనుకునేవాణ్ణి.

హోటలు భోజనం సంగతి మరీ చిత్రం. హోటల్లో కూర్చొని భోంచేస్తే అది సరుకు అమ్మకం కాదు, అతిథికి చేసే సేవ అని 1978లో సుప్రీంకోర్టు అన్నది. అంతకు ముందు, 1958లో, మేస్త్రీ కాంట్రాక్టుకు కట్టిన ఇంటిలోని ఇటుకా సిమెంటూ కూడ విడిగా అమ్మినట్టు కాదన్నారు. అప్పుడు పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించింది. అది 46వ సవరణ. 1982లో చేశారు, 1983 ఫిబ్రవరి నుండి అమలయింది. ఆయన వృత్తిలో అడుగుపెట్టిన తొలి ఏడాదిలోనే హోటళ్ళవాళ్ళూ కాంట్రాక్టర్లూ ఆఫీసు మెట్లమీద బారులు తీరారట.

అయితే ఆ సహోదరి అడిగినది తమలపాకుల సంగతి కాదు. దొంగలెక్కల సంగతి. నేను దాచకుండా అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అబద్ధం కాదండీ. జీరో వ్యాపారమని ఒకటున్నది” అన్నారు. బిల్లు లేకుండా తెల్లకాగితం మీద సరుకు పంపడం. ఒక చిట్టా అధికారికి, ఒక చిట్టా ఇంటికి. అటువంటి లెక్కలకు అందమైన ముసుగు వేసిపెట్టే ప్లీడర్లూ ఆడిటర్లూ లేకపోలేదు. “రెండు చిట్టాలున్నవాడు నా దగ్గరకు వస్తే, ఒక్కటే తీసుకొని రండి అంటాను. ఏది తెమ్మంటారని అడుగుతారు. నిజమైనది అంటాను. సగంమంది మళ్ళీ రారు” అన్నారు.

ఒక ఏడు అలా వెళ్ళిపోయిన మిర్చి వ్యాపారి తనతోపాటు మరి ఐదుగురిని తీసుకొనిపోయాడు. ఆ సంవత్సరం పిల్లవాడి కాలేజీ ఫీజుకు అప్పు చేయవలసి వచ్చింది. ఈ సంగతి ఆయన చెప్పలేదు. కాఫీ తెచ్చిన అమ్మగారు చెప్పారు.

పన్ను ఎగ్గొట్టడం వేరు, లేని పన్ను కట్టనని చెప్పడం వేరు. ఈ రెండూ ఒకటేనని మన జనం అనుకోవడమే ఈ వృత్తికి పట్టిన దురదృష్టం. ఇక్కడ ఒక్క మాట అనక తప్పదు. ఆ షావుకార్లను దొంగలని తిట్టే మనమే, దుకాణంలో “బిల్లు లేకపోతే ఎంతకిస్తావు” అని అడుగుతాము. రెండో చిట్టాలో ఒక వరుస మనదే.

ఇక రైసుమిల్లు కేసు చెప్పాలి. ఇది 1991 నాటిది. ఒక పల్లెలో పాతకాలపు చిన్న మిల్లు. లెక్కలు నమ్మదగినవి కావని తోస్తే అధికారి తన అంచనాతో పన్ను నిర్ణయించవచ్చు. అప్పటి చట్టంలో అలా ఉండేది. ఆ మిల్లుకు కాలిన కరెంటు యూనిట్లు చూసి, ఇన్ని యూనిట్లకు ఇంత ధాన్యం ఆడి ఉండాలి, పుస్తకంలో అంత లేదు, కనుక మిగిలినది దొంగచాటుగా అమ్మారు అని ఒక అధికారి లెక్క కట్టారు. పన్నూ జరిమానా కలిపితే మిల్లు అమ్మినా తీరదు. యజమాని ఉరిపోసుకుంటానని భార్యతో అన్నాడట.

ప్లీడరుగారు పుస్తకాలు తిరగవేయడం మానేసి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళారు. రెండు రోజులు మిల్లు అరుగుమీద కూర్చొని ఎవరు వచ్చినా రాసుకున్నారు. ఊళ్ళోవాళ్ళు తమ ఇంటి వడ్లు అరబస్తా, బస్తా తెచ్చుకొని మరపట్టించుకొని పోతున్నారు. పక్కనే పిండిమర, కారంమర. అన్నిటికీ ఒకటే మీటరు. కూలికి ఆడించిన ధాన్యం ఊరివాళ్ళది, మిల్లుది కాదు. దాని కరెంటు మిల్లు మీటరులోనే తిరుగుతుంది, బియ్యం మాత్రం మిల్లు అమ్మకాలలోకి రావు. పాత మోటారు కరెంటు ఎక్కువ తాగుతుందని మెకానిక్కు దగ్గర రాయించుకున్నారు. ఊరివాళ్ళచేత ప్రమాణ పత్రాలు ఇప్పించారు. అంచనా వేయవచ్చు గాని అది నిజాయితీగల అంచనా కావాలి, ఎదుట ఉన్న ఆధారాలతో దానికి సంబంధం ఉండాలి అని కేరళ వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను జతచేసి అప్పీలేట్ డిప్యూటీ కమిషనరు ముందు పెట్టారు. ఆయన ఓపికగా విని ఆ అంచనాను కొట్టివేశారు. కారంమర కూలిలో పుస్తకానికి ఎక్కని కొంత మొత్తం ఉన్నమాట నిజమే. దానిని ప్లీడరుగారే ముందుగా ఒప్పించి పుస్తకంలో చూపించారు. “దాచి గెలిస్తే మళ్ళీ ఏడు నా మాట ఎవరు నమ్ముతారండీ?” అన్నారు. ఆ మిల్లు మరి పన్నెండేళ్ళు నడిచింది.

అక్కడ ఓడితే ట్రిబ్యునలు, ఆ పైన హైకోర్టు. హైకోర్టు హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ రాత్రి రైలులో కాగితాల పెట్టె తలకింద పెట్టుకొని పడుకొని వెళ్ళేవారు. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరే హైకోర్టు ఏర్పడినది. ఇంత దగ్గరకు వచ్చేసరికి తనకు మోకాళ్ళు పోయినవని నవ్వుతారు.

చట్టాలు ఆయనను ఊరికే ఉండనివ్వలేదు. 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ పాత చట్టంతోపాటు సగం చదువు కొట్టుకొనిపోయింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేసరికి అరవై దాటినవి. పెట్రోలు, డీజిలు, మద్యం వంటివి తప్ప దాదాపు అన్ని సరుకులూ కేంద్రమూ రాష్ట్రమూ కలిసి వేసే పన్నులోకి పోయినవి. చిట్టా పోయి కంప్యూటరు వచ్చింది. అధికారి బల్ల ముందు కూర్చొని మాట్లాడే రోజులూ తగ్గిపోయినవి. నోటీసు మనిషి చేతికి రాదు, పోర్టల్‌లో పడుతుంది. పైగా మొదటి అప్పీలులో ఓడినవాడు వెళ్ళవలసిన జీఎస్టీ ట్రిబ్యునలు ఏళ్ళ తరబడి ఏర్పడనే లేదు. 2025 సెప్టెంబరులో గాని దానిని ప్రారంభించలేదు. ఆ ఎనిమిదేళ్ళూ చిన్న దుకాణదారు కూడ న్యాయంకోసం సరాసరి హైకోర్టు గడప తొక్కవలసి వచ్చింది. అంత ఖర్చు భరించలేక ఎందరు ఊరుకున్నారో!

అందుకే ఆయనకు కంప్యూటరు తెలిసిన జూనియరు కావలసి వచ్చాడు. నేను విన్నదంతా ఆ తల్లికి చెప్పాను. ఏమీ దాచలేదు, జీరో వ్యాపారం సంగతీ చెప్పాను. నిర్ణయం వాళ్ళిద్దరిదే. అబ్బాయి చేరాడు.

అతడు చేరిన రెండో ఏడు, 2024లో, మా పక్క ఊరిలో ఇనుము, సిమెంటు కొట్టు నడిపే ఒక కుటుంబానికి కష్టం వచ్చింది. యజమానికి పక్షవాతం వచ్చింది. భార్య ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ కొట్టు ఎలాగో తెరిచేది గాని రిటర్నుల సంగతి ఆమెకు తెలియదు. వరుసగా ఆరు నెలలు రిటర్నులు వేయకపోతే రిజిస్ట్రేషను రద్దు చేయవచ్చునని చట్టం. రద్దయింది. ఆ నోటీసులన్నీ వెళ్ళినది ఎప్పుడో పని మానేసి వెళ్ళిన గుమాస్తా ఈమెయిలుకు. పన్ను బిల్లు ఇవ్వడానికి వీలులేదు గనుక కాంట్రాక్టర్లు సరుకు కొనడం మానేశారు. అప్పుడు గాని ఆమెకు సంగతి తెలియలేదు. ఉత్తర్వు వచ్చిన తరువాత తొంభై రోజులలోపల దరఖాస్తు పెడితే రద్దును తొలగించవచ్చు. 2023 అక్టోబరుకు ముందు ఆ గడువు ముప్పై రోజులే. ఆమె అరండల్‌పేట వచ్చేసరికి డెబ్బై రోజులు దాటినవి.

అబ్బాయి రాత్రింబగళ్ళు కూర్చొని పాత బిల్లులు ఏరి ఎనిమిది నెలల రిటర్నులు వేశాడు. పన్నూ వడ్డీ ఆలస్య రుసుమూ కట్టడానికి ఆమె గాజులు తాకట్టు పెట్టింది. ఆసుపత్రి కాగితాలు జతచేసి దరఖాస్తు పెట్టారు. అధికారి ఒకసారి వివరణ అడిగారు, ఇచ్చారు. రిజిస్ట్రేషను తిరిగి వచ్చింది. ఆ రోజు అబ్బాయి నాకు ఫోను చేసి, “అయ్యగారూ, మా అమ్మకు మీరే చెప్పండి” అన్నాడు. నువ్వే చెప్పుకో నాయనా అన్నాను.

చివరకు మా మందిరము సంగతి. స్థానిక పన్నుల పని ఎటువంటిదో దీనివల్ల నాకు బాగా తెలిసింది. మన రాష్ట్రంలో మునిసిపాలిటీల ఆస్తిపన్ను అద్దె విలువ మీద ఉండేది. 2020లో చట్టం సవరించి 2021 ఏప్రిల్ నుండి ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలుపెట్టారు. అన్ని కట్టడాలూ మళ్ళీ లెక్కకు వచ్చినవి. అప్పుడు మా మందిరము మొత్తాన్ని వ్యాపార కట్టడంగా రాసి పెద్ద మొత్తానికి నోటీసు వచ్చింది. కారణమేమంటే, మందిరము ముందు వీధి వైపు రెండు గదులున్నవి. ఒకటి టైలరుకు, ఒకటి మందుల దుకాణానికి అద్దెకిచ్చాము. ఆ అద్దె మా విధవరాండ్ర నిధికి వెళుతుంది.

సంఘపు పెద్దలు మండిపడ్డారు. దేవుని మందిరానికి పన్నేమిటి, పైసా కట్టేది లేదు అని కొందరు. నాయకుల దగ్గరకు పోదామని కొందరు. ప్లీడరుగారు వచ్చారు. ఎవరితోనూ ఏమీ అనకుండా టేపు తెప్పించి మందిరాన్ని ఒకసారి, గదులను ఒకసారి కొలిపించారు. అద్దె కాగితాలు చూశారు. తరువాత కమిటీలో కూర్చొని రెండు మాటలు చెప్పారు. బహిరంగ ఆరాధనకు కేటాయించి, దానికే వాడుకుంటున్న స్థలానికి పన్ను లేదని మునిసిపాలిటీల చట్టంలోనే ఉన్నది, దానికోసం పోరాడతాను. అద్దెకిచ్చిన గదులు ఆరాధన స్థలం కాదు, ఆ రెండింటికీ కట్టండి.

“అద్దె డబ్బు విధవరాండ్రకే కదండీ పోయేది” అన్నారు ఒక పెద్ద. “డబ్బు ఎక్కడికి పోతున్నదని కాదండీ చట్టం అడిగేది, గదిలో ఏమి జరుగుతున్నదని” అన్నారు ప్లీడరుగారు. ఆ రాత్రి ఒకరిద్దరు, మన ప్లీడరే మనకు పన్ను వేయించాడని గొణుక్కుంటూ వెళ్ళారు. నాకు కూడ ఆ గొణుగుడు అర్థమయింది. నిధి నుండి సాయం తీసుకునే పదకొండుమంది తల్లులను నేను పేరు పేరునా ఎరుగుదును.

కొలతలూ ఫోటోలూ పెట్టి రివిజన్ పిటిషను వేశారు. నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. మందిరము పన్ను లేని కట్టడంగా వేరుపడింది. గదులకు పన్ను మిగిలింది. ప్లీడరుగారు ఫీజు తీసుకోలేదు. గదుల అద్దె చాలా పాతదని, బజారు రేటు కనుక్కొని పెంచమని మాత్రం చెప్పి వెళ్ళారు. కనుక్కుంటే నిజమే. పెంచిన అద్దెలో పన్ను పోగా నిధికి మునుపటికంటె కొంచెం ఎక్కువే వస్తున్నది.

ప్రతి అర్ధ సంవత్సరమూ ఆ రెండు గదుల పన్ను మా కోశాధికారి వెళ్ళి కట్టి వస్తారు. రసీదులన్నీ ఒక ఫైలులో గుచ్చి బీరువాలో పెట్టాము. మందిరానికి మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వు ఆ ఫైలులో అన్నిటికంటె పైన ఉంటుంది. కొత్తగా బదిలీ అయి వచ్చిన ప్రతి బిల్ కలెక్టరుకూ అది తీసి చూపించవలసి వస్తున్నది.